పసుపు మరక పోతుంది, జాజు మరక పోదు

మా ఇంటి నేమ్ బోర్డు మార్చిన రోజు నాకు బాగా గుర్తుంది. 2022 డిసెంబరు. పాత బోర్డు స్క్రూలు విప్పి కిందికి దించగానే దాని వెనక అడుగున్నర పొడవున ఒక గోడ ముక్క నిగనిగలాడుతూ కనిపించింది. ముదురు వంగపండు రంగు. దాని చుట్టూ ఉన్న గోడ ఏ రంగో మాత్రం చెప్పలేను, బూడిదలో కాస్త కందగడ్డ ఉడకబెట్టి కలిపినట్టుంది. నేనూ మా ఆయనా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. 2019 ఫిబ్రవరిలో గృహప్రవేశం నాటికి ఇంటి ముందు భాగమంతా ఆ ముక్క రంగులోనే ఉండేదన్నమాట. రోజూ చూసే మొహంలో ముసలితనం తెలియనట్టు మాకూ తెలియలేదు. అత్తయ్య వచ్చి ఆ ముక్కని చేత్తో తడిమి, పక్కనున్న గోడనీ తడిమి, అరచెయ్యి మాకు చూపించింది. తెల్లగా పౌడరు అంటుకుంది.

"రంగు పోవడం కాదమ్మాయ్, గోడే రాలిపోతోంది" అంది.

మాది ఒంగోలు. ఇల్లు పడమర ఫేసింగ్. మధ్యాహ్నం ఒంటి గంట నుంచి సూర్యుడు దిగిపోయేదాకా ముందు గోడ మీద ఎండ పడుతూనే ఉంటుంది, మే నెలలో సాయంత్రం ఏడింటికి కూడా ఆ గోడని ముట్టుకుంటే ఇంకా వేడి తెలుస్తుంది. అలాంటి గోడకి వంగపండు రంగు వేద్దామన్నది మా ఆయన. ఎలివేషన్ డ్రాయింగ్ వేసినతను కంప్యూటర్లో ఆ రంగు పెట్టి, పక్కన రెండు తాడిచెట్లు, ముందు ఒక తెల్ల కారు పెట్టి చూపించాడు, ఇక అయిపోయింది. (ఆ కారు ఇప్పటికీ రాలేదు.) నేను నిమ్మపండు పసుపు అడిగాను, నిజం చెప్పాలంటే నా ఎంపికా గొప్పది కాదని తర్వాత తెలిసింది, కానీ అప్పట్లో దాన్ని కొట్టేసింది రంగు పోతుందని కాదు, పసుపు వేస్తే ఏ పార్టీ అని అడుగుతారని. మన దగ్గర ఇంటికి రంగు ఎంచుకోవడంలో ఇదొకటి. పసుపైతే ఒక పార్టీ, గులాబీ అయితే ఇంకో పార్టీ, నీలం ఆకుపచ్చ పక్కపక్కన వేస్తే మరో పార్టీ. వాస్తు ఆయన చెప్పిన రంగులు, పార్టీల రంగులు, ఎదురింటివాళ్ళు ఆల్రెడీ వేసేసిన రంగులు తీసేస్తే చివరికి మిగిలేవి నాలుగో అయిదో.

సరే, అసలు విషయానికి వస్తాను. బోర్డు వెనక ముక్క చూశాక రంగు ఎందుకు వెలిసిందో తెలుసుకోకుండా మళ్ళీ రూపాయి ఖర్చు పెట్టనని పట్టుబట్టాను. షాపులో అడిగితే "ఇంకా పై రకం వేయించండి మేడమ్, పదేళ్ళ వారంటీ" అన్నారు. మేం మొదట వేసింది కూడా ఏడేళ్ళ వారంటీదే. ఆ కాగితం వెతికి తీసి చదివితే పెచ్చులూడటం గురించి, బూజు గురించి ఉంది, రంగు వెలవడం దగ్గరికొచ్చేసరికి ముదురు రంగులకు, కొన్ని ప్రత్యేక షేడ్స్‌కు వర్తించదని చిన్న అక్షరాల్లో ఉంది. మాది సరిగ్గా అందులోదే. షేడ్ కార్డు తిరగేస్తే మా రంగు పక్కన చిన్న గుర్తు కూడా ఉంది, అడుగున చూస్తే బయటి గోడలకు సిఫారసు చేయం అని! 2019లో ఆ కార్డు మా ఇంట్లో నెల రోజులు ఉంది, మేం ఆరుగురం చూశాం, ఒక్కరి కంటికీ ఆ గుర్తు ఆనలేదు.

ఈ వ్యవహారం నాకు నిజంగా అర్థమైంది అత్తయ్య మాటతో. వాళ్ళ చిన్నప్పటి ఇంటికి గోడ పైభాగం సున్నం, కింద మోకాలి ఎత్తు వరకు జాజు పట్టీ వేసేవాళ్ళట, గడపకి పసుపు. "పసుపు వారం వారం రాయాల్సిందే, రెండు రోజులు ఎండ తగిలితే తెల్లబోయేది. సున్నం ఏడాదికోసారి, సంక్రాంతి ముందు. జాజు మాత్రం వానకి కారి పోవాలే గానీ ఎండకి పోయేది కాదు" అంది.

ఆలోచిస్తే ఇది మనందరికీ తెలిసిన సంగతే. చీర మీద పప్పు మరక పడితే ఏం చేస్తాం? ఉతికి ఎండలో ఆరేస్తాం. సాయంత్రానికి పసుపు మాయం. సబ్బు వదిలించలేనిది ఎండ వదిలిస్తుంది, ఎందుకంటే పసుపుకి రంగునిచ్చే కుర్కుమిన్ సూర్యకాంతికి విరిగిపోతుంది. అదే ఎర్రమట్టి మరకైతే పది రోజులు ఎండలో పడేసినా అలాగే ఉంటుంది. జాజు, జేగురు, కావి, మీ ఊళ్ళో ఏ పేరుతో పిలిచినా అది ఇనుప ఆక్సైడ్, అంటే తుప్పుకి దగ్గర చుట్టం. ఇనుము అప్పటికే ఆక్సిజన్‌తో కలిసిపోయి స్థిరపడి ఉంది, ఎండ దాన్ని కొత్తగా చేసేదేమీ లేదు. గుడి ప్రహరీల మీద సున్నం, జాజు చారలు ఊరికే వేయలేదు మనవాళ్ళు. కర్నూలు జిల్లా కేతవరం దగ్గర రాళ్ళ మీద చరిత్రకు ముందటి మనుషులు వేసిన ఎర్రటి బొమ్మలు ఇంకా కనపడుతున్నాయి, వాళ్ళకి ఏ కంపెనీ వారంటీ ఇచ్చింది?

డబ్బాల్లో వచ్చే ఎమల్షన్లలో కూడా ఇదే తేడా ఉంది, కానీ మనకి కనపడకుండా ఉంటుంది. రంగునిచ్చే పొడులు, అంటే పిగ్మెంట్లు, రెండు జాతులు. ఒకటి ఖనిజాల జాతి: ఇనుప ఆక్సైడ్ ఎరుపు, ఇనుప ఆక్సైడ్ పసుపు, గోధుమ రంగు, క్రోమియం ఆక్సైడ్ ఆకుపచ్చ, తెలుపుకి టైటానియం డయాక్సైడ్. నలుపుకి వాడే కార్బన్ ఖనిజం కాదు గానీ మసి ఎండకి ఏమవుతుంది, దాన్నీ వీటితోనే లెక్కేసుకోవచ్చు. రెండోది కార్బన్ రసాయనాల జాతి: మెరిసే పసుపులు, పచ్చి ఎరుపులు, మెజెంటా, వయొలెట్. ఇవి ఆకర్షణీయంగా ఉంటాయి, మొదటి జాతిలో అంత మెరుపు రానే రాదు, కానీ వీటిలో చాలావాటికి అతినీలలోహిత కిరణాలు తగిలేకొద్దీ రంగునిచ్చే అణువు తెగిపోతుంది. అన్నీ ఒకేలా ఉండవు, థాలో నీలం, థాలో ఆకుపచ్చ ఈ జాతివే అయినా గట్టిపిండాలు. మరి కార్లకి వేసే ఎరుపు ఏళ్ళ తరబడి ఉంటుంది కదా అని మా తమ్ముడు వాదించాడు. అవి వేరే, ఖరీదైన పిగ్మెంట్లు, పైన క్లియర్ కోటు కూడా ఉంటుంది, గోడ పెయింటు ధరలో అవి వస్తాయని ఆశపడకూడదు.

ఇక్కడ నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి ఒకటి ఉంది. ముదురు రంగే కదా వెలిసేది, లేతది వేసుకుంటే గొడవ ఉండదు అనుకున్నాను. సగమే నిజం. వెలిసే జాతి పిగ్మెంటుని తెలుపులో కొంచెం కలిపి లేత గులాబీయో లావెండరో చేస్తే, ఆ కొంచెం ఇంకా తొందరగా పోతుంది. అదే ఇనుప ఆక్సైడ్ చిటికెడు కలిపి చేసిన మీగడ రంగు ఏళ్ళ తరబడి మీగడ రంగులాగే ఉంటుంది. లేతా ముదురా అన్నది రెండో ప్రశ్న, దేంతో చేశారన్నది మొదటి ప్రశ్న.

దేంతో చేశారో తెలుసుకోవడం ఎలా? షాపులో రంగు కలిపే మిషను ఉంటుంది కదా, దాని కంప్యూటర్లో షేడ్ నంబరు కొడితే ఏ రంగు ద్రవం ఎన్ని మిల్లీలీటర్లు పడాలో వస్తుంది. ఆ స్క్రీన్ చూపించమని అడిగాను. షాపాయన ముప్పై ఏళ్ళుగా వ్యాపారంలో ఉన్నాడట, ఒక్క కస్టమరు కూడా అది అడగలేదన్నాడు, అనుమానంగా చూశాడు, టీ తెప్పించాడు, చివరికి చూపించాడు. మా పాత వంగపండు రంగుకి వయొలెట్, మెజెంటా, కొంచెం నలుపు. నాకు నచ్చిన రెండు మీగడ రంగులు కొట్టించాను. కార్డు మీద చూస్తే అక్కాచెల్లెళ్ళలా ఉన్నాయి. ఒకదాంట్లో ఎల్లో ఆక్సైడ్, చిటికెడు రెడ్ ఆక్సైడ్. రెండోదాంట్లో ఆక్సైడ్ అనే మాటే లేదు, మెరిసే పసుపు ఒకటి, కాస్త నలుపు. కంపెనీ ఒకటే, రకం ఒకటే, ధర ఒకటే. గోడ మీద వాటి ఆయుష్షు మాత్రం ఒకటి కాదు.

అయినా నాకు నమ్మకం కుదరలేదు. 2023 ఉగాది రోజున, పచ్చడి పని అయ్యాక, సిమెంట్ బోర్డు ముక్కలు ఏడు తీసుకుని ప్రైమర్ కొట్టి ఏడు రంగులు వేశాను. ఒక్కోదానికి సగం మీద వంటింట్లో వాడే అల్యూమినియం ఫాయిల్ చుట్టి, పైన టేపు వేసి, మేడ మీద పిట్టగోడకి పడమర వైపు తిప్పి తీగతో కట్టేశాను. మా ఆయన వాటికి నవగ్రహాల్లో ఏడు అని పేరు పెట్టాడు. కోతులు ఒకటి పీకేశాయి, మిగిలినవి ఏడాదిపాటు అక్కడే ఉన్నాయి. 2024 ఉగాదికి ఫాయిల్ విప్పాను.

లావెండర్ ముక్కలో గీత కత్తితో కోసినట్టు ఉంది, ఒక పక్క లావెండర్, ఇంకో పక్క మాసిన తెలుపు. నేను అడిగిన నిమ్మపండు పసుపు కూడా సగానికి సగం పోయింది, మా ఆయన ఆ ముక్కని పట్టుకుని నాలుగు రోజులు ఇల్లంతా తిరిగాడు. అన్నిటికంటే విచిత్రం చిలకపచ్చ. అది తెల్లబడలేదు, నీలంగా మారింది! చిలకపచ్చ అంటే మెరిసే పసుపు, థాలో నీలం కలిపి చేసేది, అందులో పసుపు ఎండకి పోయి రెండోది మిగిలిపోయింది. మా వీధి చివర ఒక ఇల్లు పచ్చ నుంచి సముద్రం రంగుకి ఎందుకు మారిందో అప్పుడు తెలిసింది, పాపం వాళ్ళు పెయింటర్ మోసం చేశాడని ఇప్పటికీ తిడుతుంటారు. ఆకాశనీలం పరవాలేదు. సిమెంటు బూడిద రంగు కొంచెం పాలిపోయింది, కానీ అది రంగు పోవడం కాదు, పైన తెల్ల పౌడరు పట్టడం, తడిగుడ్డతో తుడిస్తే సగం వెనక్కి వచ్చింది. ఎల్లో ఆక్సైడ్ మీగడ రంగులో గీత కోసం కళ్ళద్దాలు పెట్టుకుని వెతికాను, దొరకలేదు. ఇటుక ఎరుపు ముక్క కోతుల పాలైంది గానీ తర్వాత పక్కింటి సన్‌షేడ్ మీద దొరికింది, దాని మీద పావురాల రెట్ట తప్ప వేరే మార్పు లేదు.

ఆ తెల్ల పౌడరు సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే అత్తయ్య చేతికి అంటుకున్నది అదే. పెయింటులో పిగ్మెంటుని పట్టి ఉంచే జిగురు ఉంటుంది, ఎమల్షన్లలో అది ఆక్రిలిక్. ఎండకీ వానకీ ఆ జిగురు పైపొర అరిగిపోతే లోపలి పొడి వదులై పైకి తేలుతుంది. రంగు ఎంత గట్టిదైనా ఇది ఆగదు, ఆలస్యం అవుతుందంతే. ఇక్కడ మాత్రం డబ్బు పెట్టినదానికి ఫలితం ఉంటుంది, పూర్తి ఆక్రిలిక్ జిగురుతో చేసినవి ఆ జిగురులో స్టైరీన్ అనే ఇంకో రసాయనం కలిపినవాటికంటే ఎండకి బాగా తట్టుకుంటాయి. లేత రంగు మీద ఆ పౌడరు కనపడదు, నల్ల చొక్కా మీద ముగ్గుపిండి పడ్డట్టు ముదురు రంగు మీద మాత్రం కొట్టొచ్చినట్టు కనపడుతుంది. ఈ మధ్య హైదరాబాద్‌లో, ఇప్పుడు మా ఒంగోల్లో కూడా, అందరూ వేయిస్తున్న ముదురు బూడిద రంగు మీద నాకున్న అభ్యంతరం ఇదే. నలుపు వెలవదు, నిజమే. కానీ గోడ పెనంలా కాలుతుంది, వేడికి సాగి చల్లబడి ముడుచుకుని సన్న పగుళ్ళు తీస్తుంది, పౌడరు పడితే నాలుగేళ్ళకి సినిమా టెంటు తెరలా ఉంటుంది. ఎవరిష్టం వాళ్ళది అనుకోండి.

మొదటిసారి మేం చేసిన రెండో తప్పు ముహూర్తం తొందర. మాఘమాసం దాటితే ఆ ఏడు కుదరదన్నారు, బయటి ప్లాస్టరింగ్ అయిన పన్నెండో రోజున రంగు మొదలుపెట్టేశాం. కొత్త సిమెంటు గోడలో క్షారం విపరీతంగా ఉంటుంది, నీళ్ళు కొట్టి, ప్లాస్టరింగ్ అయ్యాక కనీసం 28 రోజులు ఆగి, బాగా ఆరనిచ్చి, క్షారాన్ని తట్టుకునే ప్రైమర్ వేశాక రంగు వేయాలి. మా పెయింటర్ లప్పం మీద నేరుగా రంగు కొట్టాడు. దానికితోడు మా బోరు నీళ్ళు ఉప్పు, క్యూరింగ్ అంతా వాటితోనే. ప్రహరీ అడుగున, మెట్ల గది మూలన తెల్లగా చౌడు పూసి రంగు మచ్చలు మచ్చలుగా పోయింది అందుకే. మీ గోడ ఏ రోగంతో ఉందో గుర్తుపట్టడం తేలికే: ఎండ తగిలే వైపంతా సమానంగా పాలిపోతే అది ఎండ పని, నేలకి దగ్గరగా, తడి ఉండే చోట మ్యాపుల్లా మచ్చలు వస్తే అది ఉప్పు పని. రెండోదానికి ఎంత మంచి రంగు ఎంచుకున్నా లాభం లేదు, ముందు తడి ఆపాలి.

దిక్కుల గురించి ఒక మాట. పడమర గోడ సంగతి అందరికీ తెలుసు. దక్షిణం గోడని మాత్రం తక్కువ అంచనా వేస్తాం. ఎండాకాలంలో సూర్యుడు నడినెత్తి మీద ఉంటాడు కాబట్టి సన్‌షేడ్ కాస్త కాపాడుతుంది, మే మొదటివారం నుంచి ఆగస్టు రెండోవారం దాకా అయితే ఒంగోలుకి సూర్యుడు ఉత్తరం వైపుకే వెళ్ళిపోతాడు. కానీ చలికాలం నెలల్లో సూర్యుడు దక్షిణానికి వాలి ఉండటంతో పొద్దుట నుంచి సాయంత్రం దాకా ఆ గోడకే తగులుతుంది, మనకి చల్లగా హాయిగా ఉంది కదా అని గుర్తుండదు. అందుకే ఎవరికైనా ముచ్చటపడి ఒక గోడకి మెరుపు రంగు వేసుకోవాలని ఉంటే ఉత్తరం గోడకి వేసుకోండి, లేదా వరండా లోపలి గోడకి.

2025 ఫిబ్రవరిలో, ఈశాన్య వానలు పూర్తిగా వెళ్ళి గోడలు ఆరాక, సారవ కర్రలు కట్టించాం. కొత్త మేస్త్రీ పనిమంతుడు. పొద్దున పడమర గోడ, మధ్యాహ్నం నుంచి తూర్పు గోడ, ఎప్పుడూ నీడలో ఉన్న గోడే పట్టుకునేవాడు. ఎండలో కాలుతున్న గోడ మీద కొడితే రంగు పట్టుకోకముందే ఆరిపోతుందట. నాకూ ఆయనకీ గొడవ వచ్చింది నీళ్ళ దగ్గరే. డబ్బా మీద లీటరు రంగుకి 400 మిల్లీలీటర్ల నీళ్ళు అని ఉంది. ఆయన బకెట్లో కంటి అంచనాతో పోస్తున్నాడు, అదీ బోరు నీళ్ళు. నేను వెళ్ళి మినరల్ వాటర్ క్యాన్ తెచ్చి పక్కన పెట్టాను.

"రంగుకి మినరల్ వాటరా అమ్మా? నా సర్వీసులో చూడలేదు."

"ఒక్క క్యానే బాబూ. లెక్కేసుకో."

నిజంగానే ఒక్క క్యానే. మా బయటి గోడలు సుమారు 2,400 చదరపు అడుగులు, రెండు కోట్లకి లీటరుకి 55 అడుగుల లెక్కన 44 లీటర్ల రంగు పట్టింది, దానికి కలపాల్సిన నీళ్ళు 18 లీటర్లు కూడా కావు. ఇరవై లీటర్ల క్యాన్‌లో మిగిలిన నీళ్ళు వాళ్ళే తాగారు. బకెట్‌కి లోపల పెన్నుతో గీత గీసి పెట్టాను, మొదటి రోజు విసుక్కున్నాడు గానీ రెండో రోజు నుంచి ఆ గీత దాకానే పోశాడు.

చివరికి వేసిందేమిటంటే, ముందు గోడలకి ఎల్లో ఆక్సైడ్ మీగడ రంగు, పిట్టగోడ పట్టీకి, కిటికీల చుట్టూ, ప్రహరీ అడుగున మోకాలి ఎత్తు వరకు ఇటుక ఎరుపు. వేశాక దూరం నుంచి చూస్తే అచ్చం అత్తయ్య చెప్పిన పాత ఇల్లే, సున్నం బదులు మీగడ రంగు, జాజు పట్టీ కింద. స్వచ్ఛమైన తెలుపు ఎందుకు వేయలేదని చాలామంది అడిగారు. తెలుపు వెలవదు, కానీ మా వీధి దుమ్ముకి, పిట్టగోడ మీద నుంచి కారే నల్లటి చారలకి అది రెండు వానలు కూడా ఆగదు. మా ఆయన వంగపండు రంగు మెట్ల గది లోపల వేయించుకున్నాడు, ఎండ మొహం చూడని చోట, అక్కడ అది హాయిగా ఉంది.

షాపులో రంగు కలిపాక మూతకి అతికించే చిన్న స్టిక్కరు ఫోటో తీసి పెట్టుకున్నాను, ఫార్ములా అంతా అందులోనే ఉంటుంది, రేపు కరెంటు మీటరు జరపాల్సొచ్చినా ఏసీ పైపుకి గోడ తవ్వినా అదే రంగు కలిపించుకోవచ్చు.

ఈ సంక్రాంతికి మా ఆయన స్క్రూడ్రైవర్ పట్టుకుని బయటికి వెళ్ళి నేమ్ బోర్డు ఒక పక్క విప్పాడు. అందరం వెళ్ళి వెనక్కి తొంగి చూశాం. గీత లేదు. అత్తయ్య చేత్తో గోడని రుద్ది అరచెయ్యి చూసుకుంది.

"ఒక్క ఎండాకాలమేగా అయింది" అని లోపలికి వెళ్ళిపోయింది.